కొత్త టైరు వేయించాక బైకు చక్రం బ్యాలెన్స్ చేసుకోవడం

కొత్త టైరు వేసిన బండి ఉప్పల్ దాకా ఏ పేచీ లేకుండా వస్తుంది. ఘట్‌కేసర్ దాటి వరంగల్ హైవే మీద 80 అందుకోగానే హ్యాండిల్ సన్నగా వణకడం మొదలవుతుంది. సిటీలో తెలియని తేడా అక్కడ తెలియడానికి కారణం లెక్కలోనే ఉంది. చక్రంలో ఒకచోట ఎక్కువైన బరువు బయటికి లాగే బలం వేగం రెట్టింపయితే నాలుగింతలవుతుంది. 17 అంగుళాల రిమ్ మీద ఒకవైపు 20 గ్రాములు ఎక్కువుంటే 50 కిలోమీటర్ల వేగంలో ఆ లాగుడు కిలో కూడా ఉండదు. 100లో సుమారు 3.5 కిలోలు అవుతుంది, అదీ సెకనుకు పదిహేను సార్లు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను ఎలాగూ రానివ్వరు కాబట్టి మనవాళ్ళకు ఈ సంగతి బయటపడేది విజయవాడ, వరంగల్, శ్రీశైలం రోడ్ల మీదే.

వణుకు నిజంగా చక్రానిదేనా అన్నది ముందు తేల్చుకోవాలి. వణుకుతున్న వేగంలోనే క్లచ్ పట్టి బండిని దానంతట అది పోనివ్వండి. వణుకు ఆగిపోతే తప్పు ఇంజిన్ వైపు ఉంది, అలాగే ఉంటే చక్రం వైపు ఉంది. వేగం తగ్గిస్తున్నప్పుడు 50 దగ్గర హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంటే మొదట కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, చూపించండి. దాని ఆటను ఏ బరువూ ఆపలేదు.

బరువు అంటించడం ఈ పనిలో చివరి మెట్టు. బ్యాలెన్స్ పోయిందని తెచ్చే చక్రాల్లో చాలావాటికి అసలు రోగం టైరు రిమ్‌లో సరిగ్గా కూర్చోకపోవడం, లేదా రిమ్ బెండు. టైరు గోడ మీద రిమ్ అంచును ఆనుకుని చుట్టూ సన్నటి గీత ఉంటుంది. అది రిమ్‌కు అన్నిచోట్లా ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి దిగిపోయి ఉంటే గాలి తీసేసి, బీడ్‌కు, అంటే రిమ్‌లో కూర్చునే టైరు అంచుకు, సబ్బు నీళ్ళు బాగా రాసి, మళ్ళీ కొట్టించండి. బీడ్ టప్పుమని కూర్చుంటుంది. కూర్చోవడం లేదని టైరు మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ దాటించవద్దు. మరోసారి సబ్బు రాసి ప్రయత్నించడమే మందు. తిరిగే దిశ చూపే బాణం గుర్తు కూడా ఇప్పుడే చూసుకోండి. బ్యాలెన్స్ అంతా అయ్యాక టైరు తిరగేసుకున్నామని తెలిస్తే మొత్తం పని మొదటికొస్తుంది.

రిమ్ బెండు చూడటానికి పరికరం అక్కర్లేదు. ఫోర్కుకు ఒక తీగ ముక్క కట్టి, దాని కొన రిమ్‌కు దాదాపు తగిలేలా వంచి, చక్రం మెల్లగా తిప్పండి. సందు పెరిగి తగ్గే తేడా 2 మిల్లీమీటర్లు దాటితే బ్యాలెన్స్ పక్కన పెట్టి బెండు తీయించాలి. చాలా బైకుల మాన్యువల్‌లో హద్దు అంతే. స్పోకుల చక్రమైతే స్పోకులు బిగించిన తర్వాతే బ్యాలెన్స్, ముందు కాదు.

చాలా కొత్త టైర్ల మీద ఒక రంగు చుక్క ఉంటుంది, ఎక్కువగా పసుపు. టైరులో అన్నిటికన్నా తేలికైన చోటు అది. దాన్ని వాల్వ్ దగ్గరికి తేవాలంటారు, వాల్వ్ బరువు కాబట్టి. అయితే ప్రతి రిమ్‌కూ వాల్వ్ చోటే బరువైనది కానక్కర్లేదు. టైరు ఎక్కించక ముందే ఖాళీ రిమ్‌ను ఇరుసు మీద తిప్పి, ఏ చోటు కిందికి దిగుతుందో చూసి, చుక్కను అక్కడికి తెచ్చుకుంటే తర్వాత అంటించాల్సిన బరువు సగానికి తగ్గొచ్చు. పంచర్ షాపులో ఇంత ఓపిక దొరకదు, పక్కన నిలబడి మీరే చెప్పాలి.

ఇక బండి నుంచి విప్పిన చక్రాన్ని తిప్పి చూసే స్టాండు. ఒకే ఎత్తున్న రెండు బలమైన స్టూళ్ళు, వాటి మీద ఇరుసు దొర్లకుండా గాడి చేసిన రెండు చెక్క ముక్కలు, అంతే. ఇరుసు కదలదు, చక్రం తన బేరింగుల మీద తిరుగుతుంది. ఇరుసు సమంగా ఉందో లేదో రసమట్టంతో చూడండి. పాత బరువులు పీకేయండి. డిస్క్ చక్రంలో భాగమే కాబట్టి దాన్ని ఉంచేయండి. డ్రమ్ ప్లేటు, స్పీడోమీటర్ గేరు, వెనక చక్రానికి స్ప్రాకెట్ ఉన్న హబ్బు మాత్రం తీసి పక్కన పెట్టాలి. డిస్కును పట్టి ఆపే కాలిపర్‌ను విప్పితే బ్రేకు పైపు మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. అది బయట ఉన్నంతసేపూ బ్రేకు లివర్ నొక్కకూడదు, ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి.

బేరింగు పక్కనున్న డస్ట్ సీళ్ళు ఇరుసును పట్టుకుని రాపిడి పెడతాయి. చక్రం సమంగా ఉన్నందువల్ల కాక, రాపిడి వల్ల ఆగిపోతే లెక్క తప్పుతుంది. వీలైతే సీళ్ళు తీసి చూడండి. స్టాండును నమ్మవచ్చో లేదో చివర్లో పరీక్ష చెబుతాను.

చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేయండి. బరువైన చోటు కిందికి వచ్చి ఆగుతుంది. సరిగ్గా పైన ఉన్న చోట సుద్దముక్కతో గీత పెట్టండి. ఇలా మూడు నాలుగు సార్లు చేసినా అదే చోటు పైకి రావాలి. ప్రతిసారీ వేరే చోట ఆగితే రెండింట్లో ఒకటి: బ్యాలెన్స్ బాగానే ఉంది, లేదా బేరింగు అరిగి చక్రాన్ని పట్టేస్తోంది.

గీత దగ్గర 10 గ్రాముల ముక్కను టేపుతో తాత్కాలికంగా అంటించండి. 5, 10 గ్రాముల ముక్కలుండే జిగురు పట్టీ కార్ల అలైన్‌మెంట్ షాపుల్లో విడిగా ఇస్తారు, రాణిగంజ్‌లోనూ అడగొచ్చు. ఆ ముక్క గడియారంలో 3 దగ్గర ఉండేలా తిప్పి, చేయి తీయండి. ముక్క పైకి లేస్తే ఇంకా చాలలేదు, కిందికి దిగితే ఎక్కువైంది. ఐదేసి గ్రాములు మారుస్తూ, ఏ వైపు పెట్టి వదిలినా కదలకుండా నిలిచే దాకా చేయండి. ఇప్పుడు స్టాండు పరీక్ష: ఎక్కడైనా మరో 5 గ్రాములు అంటించి, దాన్ని 3 దగ్గర ఉంచి వదలండి. ఆ వైపు కిందికి దిగాలి. దిగకపోతే మీ స్టాండుకు 5 గ్రాములు కనిపించడం లేదన్నమాట, ఇంతదాకా వచ్చిన ఫలితాన్నీ నమ్మకండి.

మామూలుగా 10 నుంచి 30 గ్రాములతో పని అయిపోతుంది. 50 దాటుతుంటే బరువులు పేర్చుకుంటూ పోవద్దు. గాలి తీసి టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్ళీ కూర్చోబెట్టండి, చాలాసార్లు అవసరమైన బరువు తగ్గుతుంది. పంచర్ల కోసం టైరులో ద్రవం పోయించుకునే అలవాటు మన దగ్గర చాలామందికుంది. అది అడుగున చేరి, చక్రం తిప్పినప్పుడల్లా జారుతూ మీ గీతను తప్పిస్తుంది. పోయాల్సిందే అనుకుంటే బ్యాలెన్స్ అయ్యాక పోయండి.

అంటించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. పెట్రోలు జిడ్డు మిగులుస్తుంది, థిన్నర్ రిమ్ పెయింటు లేపుతుంది. ముక్కలను రిమ్ వెడల్పుకు నడుమ పెట్టండి. నడుమ చోటు లేకపోతే కుడికి సగం, ఎడమకు సగం పంచండి. కాలిపర్‌కు తగులుతుందేమో ఒక చుట్టు తిప్పి చూడాలి. అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆ రోజుకు వాటర్ వాష్ వద్దు.

తిరిగి బిగించేటప్పుడు ఇరుసు నట్టు మీ బండి మాన్యువల్‌లోని టార్క్ ప్రకారం బిగించి, వెనక చక్రమైతే చైను ఊపు చూసుకుని, బండి కదిలించక ముందే బ్రేకు లివర్ గట్టిపడేదాకా నొక్కండి. మొదటి నొక్కుడుకు బ్రేకు పడదు. గేటు దాటాక ఆ సంగతి తెలిస్తే కష్టం.

ముక్కల అంచు మీద, రిమ్‌కు కూడా తగిలేలా నెయిల్ పాలిష్ గీత ఒకటి పెట్టండి. ముక్క ఊడితే చోటు తెలిసిపోతుంది. వాల్వ్ పక్కనే టైరు గోడ మీద కూడా చిన్న గుర్తు పెట్టండి. రేపెప్పుడైనా పంచర్‌కు టైరు విప్పితే మళ్ళీ అదే చోట ఎక్కించమని చెప్పొచ్చు, బ్యాలెన్స్ మళ్ళీ చేసే పని తప్పుతుంది.