చెన్నైలో బ్రౌనీ: చాక్లెట్‌కి చెమట పట్టనివ్వకండి

బ్రౌనీకి ఓవెన్ అక్కర్లేదండీ, పాత కుక్కర్ గ్యాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్లు పోయకుండా, లోపల స్టాండ్ పెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు వేడెక్కిస్తే చాలు. అసలు తిప్పలన్నీ చాక్లెట్ కరిగించే దగ్గరే.

చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అదే కోకో బటర్, 34 డిగ్రీలకి అటూ ఇటూగా కరిగిపోతుంది, చెన్నైలో మే నెల వచ్చిందంటే బయట పెట్టలేం కాబట్టి అందరం ఫ్రిజ్‌లోనే దాస్తాం. తీసిన వెంటనే కవర్ విప్పితే ఈ ఉక్కకి చాక్లెట్ మీద సన్నగా చెమట పడుతుంది. ఆ తడిని అందులోని పంచదార పట్టేసుకుని, కరిగి నిగనిగలాడాల్సింది కాస్తా తడి ఇసకలా బిగుసుకుపోతుంది. అందుకే కవర్‌తోనే అరగంట బయట ఉంచి, ఆ తర్వాతే విప్పండి, గిన్నె, గరిటె కూడా పొడిగా తుడుచుకోండి. అయినా బిగుసుకుందా, టెన్షన్ వద్దు, వేడి నీళ్లు ఒక్కో చెంచా వేస్తూ గట్టిగా గిలక్కొడితే మళ్లీ జారుగా అవుతుంది, పైన పూతకి పనికిరాదేమో గానీ బ్రౌనీకి బ్రహ్మాండం.

150 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 గ్రాముల బటర్ కరిగాక గోరువెచ్చగా చల్లార్చి, 150 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, చిటికెడు ఉప్పు కలిపి, చివర్లో 60 గ్రాముల మైదా కలపండి (ఎక్కువసేపు కలిపితే సాగుతుంది). దీన్ని గిన్నెలో పోసి, వేడెక్కిన కుక్కర్‌లో స్టాండ్ మీద పెట్టి మూత పెట్టేయండి. అరగంట తర్వాత మధ్యలో పుల్ల గుచ్చి చూడండి, తడి తునకలు అంటుకుని వస్తే దించేయడమే, పుల్ల శుభ్రంగా వచ్చేదాకా ఆగితే కేకు అవుతుంది, బ్రౌనీ కాదు.