డ్యాష్‌బోర్డుకు లెదర్ వేసే ముందు

మొదట ఎయిర్‌బ్యాగ్ సంగతి. ఎడమ సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద ఎస్‌ఆర్‌ఎస్ (SRS) అని ఉందేమో చూడండి. అది ఎయిర్‌బ్యాగ్ ఉందని చెప్పే గుర్తు. ఉంటే ఆ ఎయిర్‌బ్యాగ్ మూత మీద లెదర్ అతికించొద్దు. యాక్సిడెంట్ అయినప్పుడు ఆ మూత రెప్పపాటులో తెరుచుకోవాలి. పైన గట్టి తోలు బిగించి ఉంటే బ్యాగు సరిగా విచ్చుకోకపోవచ్చు. కొన్ని కార్లలో మూత అతుకు అసలు కనిపించదు. అలాంటప్పుడు పై భాగం జోలికి పోకుండా, కింది ప్యానెళ్లతో సరిపెట్టుకోండి. ఆ సీట్లో కూర్చునేది మన ఇంట్లోవాళ్లే కదా!

ప్యానెళ్లు విప్పే ముందు కారు ఆపి తాళంచెవి తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. ప్రతి స్క్రూకీ ఫోన్‌లో ఫొటో.

మన వైజాగ్‌లో అసలు టెన్షన్ తేమతోనే. ముసురు పట్టిన రోజు జిగురు డబ్బా తెరవొద్దు. రాసిన పూత తెల్లగా మసకబారిందంటే తేమ పట్టినట్టే, అది నిలవదు. ఎండలో పెట్టిన కారు డ్యాష్‌బోర్డు 70 డిగ్రీల దాకా కాగుతుంది కాబట్టి, వేడికి ఆగే జిగురే కొనండి.

పాత పాలిష్ జిడ్డు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడవండి. ఆరాక వేలితో రుద్దితే జారకూడదు, కిర్రుమనాలి.

జిగురు ఆవిరికి తొందరగా నిప్పంటుకుంటుంది. తలుపులన్నీ తీసి పెట్టండి, దగ్గర్లో దోమల చక్రం కూడా వెలిగించొద్దు.

లెదర్ ముదురు రంగులో, మెరుపు లేనిదై ఉండాలి. లేకపోతే ముందు అద్దంలో ప్రతిబింబించి రోడ్డు సరిగా కనబడదు.