జాబితాలో పేరుంది, పంట నష్టం డబ్బులు మాత్రం పడలేదు

పక్క చేను ఆయనకి పడ్డాయి, మనకి పడలేదు. ఆంధ్రాలో ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట నష్టానికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు, వేసిన ప్రతిసారీ ముందు వినపడే మాట ఇదే. వెంటనే మండలాఫీసుకి పరిగెత్తకండి. రైతు సేవా కేంద్రంలో, అదే మన పాత రైతు భరోసా కేంద్రంలో (ఆర్‌బీకే), అంటించిన జాబితా చూశారా? ఈ ఒక్క పని చేయకుండా వారాల తరబడి తిరిగే వాళ్లని చూస్తే బాధేస్తుంది.

జాబితాలో పేరే లేదంటే మూలం ఎక్కువగా ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం చేసే పంట నమోదులో ఉంటుంది. పంట నమోదు కాలేదు, లేదా నమోదైనా ఈకేవైసీ వేలిముద్ర వేయలేదు. నష్టం 33 శాతానికి తక్కువని రాసినా పేరు రాదు. అభ్యంతరాల గడువు లోపలే కాగితం మీద రాసివ్వండి, నోటిమాట సరిపోదు. కౌలుకి చేసేవాళ్లు సీసీఆర్‌సీ కార్డు, అంటే కౌలు రైతు గుర్తింపు కార్డు, చూసుకోండి, అది 11 నెలలకే చెల్లుతుంది.

ఇక పేరుంది, డబ్బు వేశామంటున్నారు, పాస్‌బుక్‌లో మాత్రం లేదు. నన్ను బాగా ఏడిపించింది ఇదే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా చిన్నాన్న వరి పనల మీదే నానిపోయింది, చేత్తో తీస్తే కంకుల్లో మొలకలు. డబ్బులు వేశారన్నాక రెండు నెలలు బ్యాంకు చుట్టూ తిరిగాం. ఫారంతో పాటు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాం కదా, ఆ ఖాతాలోనే పడతాయని మా నమ్మకం. అసలు సంగతేంటంటే, ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మనం రాసిచ్చిన ఖాతా నంబరు చూడదు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు ముడిపడి ఉందో అక్కడికే పోతుంది. చిన్నాన్న ఎప్పుడో సిమ్ము కొన్నప్పుడు వేలిముద్ర వేస్తే ఆ కొట్టులో ఒక జీరో ఖాతా తెరిచేశారు, ఆధార్ అటు మారిపోయింది. డబ్బు అన్నాళ్లూ అందులోనే ఉంది.

బ్యాంకులో "ఆధార్ లింక్ అయ్యే ఉంది" అంటారు, దానికి మోసపోకండి. అది కేవైసీ లింకు, ఖాతాదారు ఎవరో గుర్తించడానికి మాత్రమే. మనకి కావలసింది డీబీటీ సీడింగ్, అంటే ప్రభుత్వ డబ్బు పడేందుకు ఎన్‌పీసీఐ దగ్గర ఆధార్‌ని బ్యాంకుకి ముడిపెట్టడం, అది ఒకసారికి ఒక్క బ్యాంకుకే ఉంటుంది. మైఆధార్ సైటులో ఓటీపీతో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు, అది యాక్టివ్‌గా ఉందో లేదో కనిపిస్తాయి. వేరే బ్యాంకు కనిపిస్తే ముందు ఆ ఖాతాలో డబ్బుందేమో చూసి, ఉంటే వేలిముద్రతో డబ్బులిచ్చే పాయింటులో తీసుకోండి. తర్వాత మీకు కావలసిన బ్రాంచికి వెళ్లి సీడింగ్ ఫారం ఇచ్చి రసీదు అడగండి, కొన్ని రోజులాగి సైటులో మళ్లీ చూడండి. మార్పు ఇకముందు వేసే డబ్బుకే పనిచేస్తుంది, పాత ఖాతాలో పడినవి వాటంతట అవి ఇటు రావు. ఇనాక్టివ్ అని ఉంటే డబ్బు వెనక్కి పోయి ఉంటుంది, సీడింగ్ సరిచేయించుకుని వ్యవసాయ సహాయకుడికి చెబితే మళ్లీ పంపిస్తారు.

తక్కువ పడ్డాయంటే ముందు విస్తీర్ణం చూడండి, ఎన్‌డీఆర్‌ఎఫ్ (కేంద్ర విపత్తు సహాయ నిధి) నిబంధనల్లో పరిమితి 2 హెక్టార్లు, అంటే సుమారు 5 ఎకరాలు. పేరులో అక్షరం తేడా, పట్టాదారు చనిపోవడం లాంటి కారణాలేమైనా ఉంటే పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ పట్టుకుని మండల వ్యవసాయాధికారిని కలవండి.