చైనా ఫాంటసీ ప్రేమ నవలలు: నాయికను పట్టుకుని చదివే పద్ధతి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు హాస్టళ్లలో ఉండే మన తెలుగు అమ్మాయిల్లో కొందరు చైనా సీరియళ్లు చూసి, వాటి మూల నవలల కోసం వెతుకుతారు. తీరా పుస్తకం తెరిచాక వందల అధ్యాయాలు, ఒకేలా వినిపించే పేర్లు, ఎన్నడూ వినని లోకాలు ఎదురయ్యేసరికి మధ్యలోనే వదిలేస్తారు. అలా వదలకుండా ఉండాలంటే కథను ప్రేమ వైపు నుంచి కాక, నాయిక సాధన వైపు నుంచి పట్టుకోవాలి.

షియాన్షియా అనే ఈ తరహా నవలలకు తావో మతపు అమరత్వ సాధన, బౌద్ధుల కర్మ సిద్ధాంతం, చైనా జానపద గాథలు ఆధారం. సాధకురాలు ముందు ‘చీ’ అనే ప్రాణశక్తిని కూడగట్టుకుంటుంది, తర్వాత పునాది వేసుకుంటుంది, ఆపైన ఆ శక్తిని కడుపులో బంగారు గుళికగా గట్టిపరుస్తుంది. పెద్ద మెట్టు ఎక్కే వేళ ఆకాశం పిడుగులతో ఆమెను పరీక్షిస్తుంది. మెట్ల పేర్లూ సంఖ్యా నవలను బట్టి మారతాయి కనుక వాటిని మొదట్లోనే ఒక కాగితం మీద రాసుకోండి. మన పురాణాల్లో తపస్సుకు మెచ్చి వరమిచ్చే దేవుడు ఉంటాడు. ఇక్కడ శక్తి చాలావరకు సొంత కష్టంతోనే రావాలి. అందుకే నాయిక ఏ మెట్టు మీద ఉందో తెలిస్తే, ఆమె ప్రేమ కోసం దేన్ని పణంగా పెడుతోందో తెలుస్తుంది.

పేర్లకు భయపడనక్కర్లేదు, మనలాగే వాళ్లకూ ఇంటిపేరే ముందు వస్తుంది. గురుకులంలో గురువును షిఫు అనీ, తనకన్నా ముందు చేరిన శిష్యుణ్ని షిషియోంగ్ అనీ, శిష్యురాలిని షిజియె అనీ వరసలు పెట్టి పిలుస్తారు. ఒకరోజు నాయిక ఆ వరస మానేసి పేరు పెట్టి పిలిచిందంటే, అక్కడ కథ మలుపు తిరిగిందని గ్రహించాలి.

నవలలకు ముందు శ్వేతసర్పం గాథ చదవమని గట్టిగా చెబుతాను. వేయేళ్లు సాధన చేసి స్త్రీ రూపం పొందిన బాయ్ సుజెన్, భర్త ప్రాణం కోసం దివ్య మూలికను తెస్తుంది, ఆయన్ను బంధించిన బౌద్ధ ఆశ్రమం మీదికి, విడిపించుకోవడానికి వరదను రప్పిస్తుంది, చివరికి హాంగ్‌జౌ పశ్చిమ సరస్సు ఒడ్డున లెయ్‌ఫెంగ్ గోపురం కింద బందీ అవుతుంది. ఆ గోపురం 1924లో నిజంగానే కూలింది, 2002లో మళ్లీ కట్టారు. ప్రేమించినా తన శక్తిని తానే వాడుకునే ఆ స్త్రీ పోలికలు నేటి నాయికల్లో ఎందరిలోనో కనిపిస్తాయి.

ఇక ఎంపిక. ముప్పయి అధ్యాయాలు గడిచినా నాయిక సొంతంగా ఒక్క నిర్ణయమైనా తీసుకుని దాని ఫలితాన్ని భరించకపోతే, ప్రతి ఆపదలోనూ స్పృహ తప్పి నాయకుడి చేతుల్లో పడుతుంటే, ఆ నవలను పక్కన పెట్టండి. గురువు క్రూరత్వాన్ని ప్రేమగా చూపించే కథలు కూడా నాకు మింగుడుపడవు.

2003లో మొదలైన జిన్‌జియాంగ్ వంటి చైనా నవలల సైట్లలో ఇవి విడతలుగా వస్తాయి, అక్కడ డబ్బు చెల్లించే అధ్యాయాల ధర అక్షరాల లెక్కన ఉంటుంది. నడిమి భాగాలు సాగినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం. అక్కడ వేగంగా చదివినా నష్టం లేదు. పర్పుల్ లైన్ మెట్రోలో వెళ్లేటప్పుడు ఒకటి రెండు అధ్యాయాలు సరిపోతాయి. మొదటిసారి మాత్రం పూర్తయిన నవలనే ఎంచుకోండి. ముగింపు తర్వాత అనుబంధ అధ్యాయాలుంటే వాటినీ చదవండి, పెళ్లయ్యాక నాయిక సాధన ఏమైందో చాలాసార్లు అక్కడే చెబుతారు.