పదిహేను సీట్లు, పది స్కాలర్‌షిప్‌లు: కాలేజ్ బాస్కెట్‌బాల్ జట్టు లెక్క ఎలా వేసుకోవాలి

ఎమ్మెస్ చేస్తున్నప్పుడు అమెరికాలో ఒక డివిజన్ 2 (అంటే రెండో అంచె) కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి రెండేళ్లు స్టూడెంట్ మేనేజర్‌గా పనిచేశాను. పేరుకే మేనేజర్, చేసేది టవల్స్ ఉతకడం, బాటిళ్లలో నీళ్లు పట్టడం. నాకు ఎక్సెల్ బాగా వచ్చని తెలిశాక (మనవాళ్ల మీద ఆ నమ్మకం ఎలాగూ ఉంటుంది కదా) కోచ్ స్కాలర్‌షిప్ షీట్ కూడా నాకే అంటగట్టాడు. ఆ షీట్ దగ్గర కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. మీరు అసిస్టెంట్ కోచ్ అయినా సరే, మీ పిల్లలు ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఆడుతూ కాలేజీ ఆఫర్ కోసం చూస్తున్నా సరే, లెక్క ఇదే.

ముందు మీ కాలేజీ ఏ రూల్ కింద ఉందో తేల్చుకోండి. ఎన్‌సీఏఏ (అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) డివిజన్ 1లో చాలాకాలం అబ్బాయిల జట్టుకి 13, అమ్మాయిల జట్టుకి 15 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. అవి తలల లెక్క, అంటే ఒకడికి సగం ఇచ్చినా ఒక సీటు పూర్తిగా పోయినట్టే. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన కాలేజీలకి స్కాలర్‌షిప్ పరిమితి పోయి జట్టు పరిమితి వచ్చింది: అబ్బాయిల జట్టైనా అమ్మాయిల జట్టైనా 15 మందే, వాళ్లందరికీ పూర్తిగా ఇచ్చుకోవచ్చు, ముక్కలు చేసి కూడా ఇచ్చుకోవచ్చు. చేరని కాలేజీలకి పాత లెక్కే. డివిజన్ 2లో 10 స్కాలర్‌షిప్‌ల విలువ ఉంటుంది, దాన్ని ఎంతమందికైనా పంచొచ్చు. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో (హార్వర్డ్, యేల్ లాంటి కాలేజీలు) ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వరు.

ఇప్పుడు షీట్ తెరవండి. నిలువుగా పేర్లు, అడ్డంగా ఈ ఏడాదీ తర్వాతి మూడేళ్లూ. ప్రతి పేరు ఎదురుగా ఆ కుర్రాడికి ఎన్ని సీజన్లు మిగిలాయో అన్ని గళ్లు రంగు నింపండి. రంగు లేని గళ్లే మీ చేతిలో ఉన్న అసలు సీట్లు. చాలామంది ఈ ఏడాది గడి ఒక్కటే చూసుకుని, ఒకే బ్యాచ్‌లో ఆరుగురిని తెచ్చుకుంటారు, నాలుగేళ్ల తర్వాత ఆరుగురూ ఒకేసారి వెళ్లిపోతే తల పట్టుకుంటారు. రెడ్‌షర్ట్ విషయంలో కూడా ఇదే పొరపాటు: ఆడకుండా కూర్చున్న కుర్రాడికి ఒక సీజన్ మిగులుతుంది కానీ, ఆ ఏడాది వాడి స్కాలర్‌షిప్ మీ లెక్కలోంచి ఖర్చవుతూనే ఉంటుంది.

ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చాక ఈ రంగుల్ని కూడా పూర్తిగా నమ్మలేం. 2024 నుంచి చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లు కాలేజీ మారినా వెంటనే ఆడొచ్చు. అందుకే మా షీట్‌లో చివర ఇంకో కాలమ్ పెట్టాను, ‘వీడు వెళ్లిపోతే ఎవరు?’ అని. కోచ్‌కి అది నచ్చలేదు, అపశకునంలా ఉందన్నాడు. ఏప్రిల్‌లో ముగ్గురు వెళ్లిపోయాక ఆ కాలమే ముందు తెరిచాడు.

తర్వాత నిమిషాలు. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టు మీద ఐదుగురు, అంటే పంచడానికి 200 ఉన్నాయి. రిక్రూటింగ్‌లో పదిమందికి తలా 25 నిమిషాలు ఆడిస్తామని మాటిస్తే 250 అవుతుంది. ఆ 50 ఎక్కడి నుంచి తెస్తారు? డబ్బు తక్కువిచ్చినా కుర్రాళ్లు ఉంటారు కానీ, నిమిషాలు ఇస్తామని ఇవ్వకపోతే ఉండరు. ఆఫర్ చేసేముందే షీట్‌లో నిమిషాల కాలమ్ కూడి, 200 దాటుతోందేమో చూసుకోండి.

డివిజన్ 2లో ముక్కలు చేయడమే అసలు పని. ఇక్కడ రెండు ఖాతాలు నడపాలి, ఒకటి ఎన్‌సీఏఏ లెక్క, రెండోది డాలర్లు. ఉదాహరణకి మీ స్టేట్ కాలేజీలో లోకల్ విద్యార్థికి ఏడాదికి 24,000, బయటి రాష్ట్రం వాడికి 36,000 అవుతుందనుకుందాం. ఇద్దరికీ సగం ఇస్తే రెండూ 0.5 కిందే పడతాయి, కానీ ఒకడి మీద 12,000, ఇంకొకడి మీద 18,000 ఖర్చు. 10 నిండకముందే డబ్బు అయిపోతుంది, పైగా చాలా కాలేజీలు 10కి సరిపడా డబ్బు అసలే ఇవ్వవు. అందుకే ప్రతి కుర్రాడికీ ముందు మార్కులు అడగండి. చదువు మీద వచ్చే స్కాలర్‌షిప్ షరతులకి సరిపోతే ఈ 10లోకి రాదు, దాని మీద ఆట వాటా 0.3 కలిపితే చాలాసార్లు ఇంట్లోవాళ్లకి ఫీజు భారం మోయగలిగేంతకి దిగుతుంది. మన తల్లిదండ్రులు దీన్ని చిన్నతనంగా తీసుకుంటారు, ‘పూర్తి స్కాలర్‌షిప్ కాదా?’ అంటారు. ఏ ముక్క ఎంతని కాదు, చివర మీ జేబులోంచి పోయేదెంతో అడగండి.

ఇక 15 సీట్లూ నింపేయాలా? నా మాటైతే ఒకటి ఖాళీగా ఉంచండి. ఏ జనవరిలోనో, మే నెలాఖర్లోనో ఒక మంచి కుర్రాడు దొరుకుతాడు, అప్పుడు చేతిలో సీటు లేకపోతే చూస్తూ ఊరుకోవాల్సిందే. అలాగని మరీ తగ్గించకండి. 2024లో కెంటకీ యూనివర్సిటీ నుంచి ఆర్కాన్సాస్‌కి వెళ్లిన కోచ్ జాన్ కాలిపారి దాదాపు ఖాళీ అయిన జట్టుని పాత శిష్యులతో, పోర్టల్ ఆటగాళ్లతో కట్టి, అసలు ఆడేవాళ్లని తొమ్మిది మంది దగ్గరే ఆపాడు. సీజన్ మధ్యలో ఆ తొమ్మిది మందిలో బూగీ ఫ్లాండ్ చేతి బొటనవేలికి సర్జరీ అయింది, తర్వాత ఆడూ థియెరో కూడా దెబ్బతిన్నాడు. చివరికి స్వీట్ 16 (ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఆఖరి 16 జట్లు) దాకా వెళ్లారు కాబట్టి సరిపోయింది. ఆయనలా నెట్టుకురావడం అందరి వల్లా కాదు.

వాక్-ఆన్‌లు, అంటే స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో ఉండేవాళ్లు, మన రైల్లో ఆర్‌ఏసీ లాంటివాళ్లు. ఎక్కారు, బెర్త్ మాత్రం ఖాయం కాదు. ఇంతకుముందు డివిజన్ 1లో 13 మంది పైన వీళ్లని కలుపుకునేవారు, ఇప్పుడు సెటిల్‌మెంట్‌లో ఉన్నచోట వీళ్లూ ఆ 15లోకే వస్తారు. వీళ్లని తీసేయడం తేలికనిపిస్తుంది కానీ ప్రాక్టీస్‌లో ఐదుగురికి ఐదుగురు కావాలి, ఇద్దరికి జ్వరం వస్తే తెలుస్తుంది వాళ్ల విలువ. తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన స్కాటీ పిపెన్ సెంట్రల్ ఆర్కాన్సాస్ కాలేజీలో అడుగుపెట్టింది స్కాలర్‌షిప్‌తో కాదు, అక్కడ జట్టు మేనేజర్ పని కూడా చేశాడు. (టవల్స్ మోసినవాడిగా నాకు ఆయనంటే కొంచెం ఎక్కువ ప్రేమ.)

ఆఖరుది, ఇదే నాకు ఇప్పటికీ బాధ. రెండో ఏడు మా కోచ్ ఒకే 0.4 ముక్కని ఇద్దరికి ఫోన్‌లో మాటిచ్చేశాడు, ఎవడో ఒకడు రాడులే అనుకుని. ఇద్దరూ సరేనన్నారు. రెండో కుర్రాడు ఆగస్టులో సూట్‌కేస్‌తో దిగాక వాక్-ఆన్‌గా ఉండమన్నారు. వాళ్ల నాన్న జిమ్ బయట బెంచీ మీద గంటసేపు కూర్చుని ఫోన్‌లో లోన్ ఫారం నింపాడు, లోపల నేను షీట్‌లో ఆ అబ్బాయి పేరు ఎదురుగా సున్నా కొట్టాను. ఆ రోజు నుంచి మా షీట్‌లో ఒక నియమం పెట్టాం: ఎవరికైనా అంకె చెప్పిన నిమిషమే, వాళ్లు సరేననకముందే, ఆ గడికి పసుపు రంగు. పసుపు గడిని ఇంకొకరికి ఇవ్వాలంటే ముందు మొదటివాడికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయడానికి కోచ్ ఎంత ఇబ్బంది పడేవాడంటే, మళ్లీ ఇద్దరికి ఒకే ముక్క ఎప్పుడూ ఇవ్వలేదు.