వేడినీళ్లు పడి కాలిన పిల్లలకు నొప్పి తగ్గించే పరిచర్య

మరిగే సాంబారో, స్నానానికి కాచిన నీళ్లో మీద పడినప్పుడు పిల్లలకు అందవలసిన మొదటి నొప్పి మందు కుళాయి నీరే. వాపు రాకముందే బట్టలు, గాజులు, మొలతాడు తీసివేసి (చర్మానికి అంటుకున్న గుడ్డను మాత్రం లాగకూడదు), కాలిన చోట 20 నిమిషాలు నీటిని ధారగా పోయాలి. చంటిపిల్లలు త్వరగా చల్లబడిపోతారు కనుక మిగతా ఒంటిని దుప్పటితో కప్పాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా, పసుపు వంటివేవీ పెట్టరాదు. వాటిని కడిగేటప్పుడు బిడ్డ మళ్లీ బాధపడవలసి వస్తుంది. గాయం బిడ్డ అరచేతికన్నా పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్లు, మర్మాంగాల మీద ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన తరువాత ఎక్కువగా తప్పేది మందు లెక్క. పారాసిటమాల్ మోతాదును వయసును బట్టి కాక బరువును బట్టి, కిలోకు 15 మిల్లీగ్రాముల వరకు, ఆరు గంటలకోసారి ఇస్తారు. 12 కిలోల బిడ్డకు 180 మిల్లీగ్రాములు కావాలి, 5 మి.లీ.లో 120 మిల్లీగ్రాములుండే సిరప్‌లో అది 7.5 మి.లీ., 250 ఉండే సిరప్‌లో 3.6 మి.లీ. మాత్రమే. అందుచేత సీసా మారినప్పుడల్లా లేబుల్ చదవాలి, వంటింటి చెంచాతో కొలవరాదు. జలుబు సిరప్‌లలో కూడా పారాసిటమాల్ ఉండవచ్చు కనుక రెండూ కలిపితే కాలేయానికి ముప్పు. మూడు నెలలలోపు శిశువులకు డాక్టరు చెప్పనిదే ఏదీ ఇవ్వకూడదు; పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

ఏడవడం లేదు కనుక నొప్పి లేదనుకోవడం పెద్దల సౌకర్యం కోసం చేసుకునే ఊహ. కదలకుండా పడుకోవడం, కాళ్లు ముడుచుకోవడం, ఎత్తుకున్నా ఊరడిల్లకపోవడం కూడా నొప్పి గుర్తులే. మాటలు రాని పిల్లల విషయంలో నర్సులు ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడింపు అనే ఐదింటికి సున్నా నుంచి రెండు చొప్పున మార్కులు వేసి పదికి లెక్కిస్తారు.

కట్టు మార్చే రోజున, డాక్టరు సమ్మతితో, అరగంట నుంచి గంట ముందే నొప్పి మందు ఇవ్వాలి. నొప్పి ముదిరాక తగ్గించడం కష్టం. బిడ్డను బల్ల మీద అదిమిపట్టకుండా తల్లి ఒడిలో కూర్చోబెట్టి, గాయానికి అంటుకున్న కట్టు గుడ్డను సెలైన్‌తో బాగా నానబెట్టి మెల్లగా తీయాలి. పాలు తాగే బిడ్డకు ఆ సమయంలో రొమ్ము ఇవ్వవచ్చు. పెద్ద పిల్లల చేత సబ్బు బుడగలు ఊదించవచ్చు. “ఏమీ నొప్పి ఉండదు” అని మాత్రం చెప్పవద్దు, మరుసటిసారి మీ మాట నమ్మరు.

రెండు మూడు రోజులయ్యాక నొప్పి తగ్గవలసింది పోయి పెరుగుతున్నా, జ్వరం గాని గాయం నుంచి వాసన గాని వస్తున్నా, మోతాదు పెంచకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.