మూడుల్‌లో కొన్ని అకౌంట్లకు మాత్రం మెయిల్స్ ఆపడం ఎలా

పాఠాలు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్. కాలేజీ మూడుల్ సైట్‌లో మెయిల్స్ వెళ్లకూడని అకౌంట్లు కొన్ని ఎప్పుడూ ఉంటాయి: పాసై వెళ్లిపోయిన బ్యాచ్, రిటైరైన లెక్చరర్లు, ల్యాబ్‌లో అందరూ వాడే డెమో లాగిన్లు, ఇన్‌బాక్స్ నిండిపోతోందని మొత్తుకునే ఫ్యాకల్టీ. అడ్మిన్ దగ్గరికి అందరి విషయం ‘మెయిల్స్ ఆపండి’ అనే వస్తుంది గానీ, అన్నిటికీ మందు ఒకటి కాదు. కింది దారులు మూడుల్ 4.0, ఆ తర్వాతి వెర్షన్లవి.

వెళ్లిపోయినవాళ్ల అకౌంట్లను సస్పెండ్ చేయండి. ప్రొఫైల్ ఎడిట్ పేజీలో ‘సస్పెండెడ్ అకౌంట్’ టిక్ పెడితే లాగిన్ ఆగుతుంది, మూడుల్ ఆ అడ్రస్‌కి ఏ మెయిలూ పంపదు. మార్కులు, సబ్మిషన్లు అలాగే ఉంటాయి. ఈ పని వాయిదా వేస్తే నష్టం చదువుతున్న పిల్లలకే. తీసేసిన మెయిల్‌బాక్స్‌కి పంపింది 550 5.1.1 (అలాంటి అడ్రస్ లేదు) ఎర్రర్‌తో తిరిగొస్తుంది. అలాంటివి పేరుకుంటే కాలేజీ డొమైన్‌కి చెడ్డపేరు వచ్చి, మిగతావాళ్ల మెయిల్స్ కూడా స్పామ్‌లో పడతాయి. గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంట్ నుంచి పంపుతుంటే రోజుకు 2,000 మెయిల్స్ పరిమితి కూడా ఉంది. అందులో కొంత ఎవరూ లేని అడ్రసులకే ఖర్చయిపోతుంది.

లాగిన్ ఉండాలి, మెయిల్ మాత్రం వద్దు అన్న అకౌంట్లకు దారి వేరు. సైట్ అడ్మినిస్ట్రేషన్, యూజర్స్, బ్రౌజ్ లిస్ట్ ఆఫ్ యూజర్స్‌లోకి వెళ్లి పేరు నొక్కండి. ప్రొఫైల్‌లో ‘ప్రిఫరెన్సెస్’, అందులో ‘నోటిఫికేషన్ ప్రిఫరెన్సెస్’ తెరిస్తే పైనే ‘డిసేబుల్ నోటిఫికేషన్స్’ కనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ టిక్ మెయిల్‌ని ఒక్కదాన్నే ఆపదు, గంట గుర్తు కింద వచ్చేవీ మొబైల్ యాప్‌లో వచ్చేవీ కూడా ఆపేస్తుంది. డెమో లాగిన్‌కి అది చాలు. పాఠాలు చెప్పే మనిషికి మాత్రం ఆ టిక్ పెట్టకండి, అసైన్‌మెంట్ సబ్మిట్ అయిన సంగతి కూడా ఆయనకు తెలియదు. అదే పేజీలో కిందున్న పట్టికలో ‘ఈమెయిల్’ నిలువు వరుసలోని స్విచ్‌లు మాత్రం ఆపి, ‘వెబ్’వి ఉంచండి.

డెమో లాగిన్ వాడే పిల్లలు ఆ టిక్ మళ్లీ తీసేయగలరు. అలా జరగకూడదంటే సిస్టమ్ స్థాయిలో ఒక కొత్త రోల్ (అనుమతుల జాబితా) చేసి, ‘ఎడిట్ ఓన్ యూజర్ మెసేజింగ్ ప్రొఫైల్’ అనుమతిని ‘ప్రొహిబిట్’ చేసి, ఆ రోల్‌ని ఆ అకౌంట్లకే ఇవ్వండి.

వందల్లో ఉంటే ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు, సీఎస్‌వీ ఫైల్‌తో (కామాలతో విడదీసిన పట్టిక) చేయొచ్చు. రెండే కాలమ్స్ పెట్టండి: ‘యూజర్‌నేమ్’, ‘ఈమెయిల్‌స్టాప్’. రెండు పేర్లూ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. రెండోది పైన చెప్పిన ‘డిసేబుల్ నోటిఫికేషన్స్’ టిక్కే. ఆపాలంటే విలువ 1, తిరిగి మొదలుపెట్టాలంటే 0. ‘అప్‌లోడ్ యూజర్స్’లో ‘అప్‌డేట్ ఎగ్జిస్టింగ్ యూజర్స్ ఓన్లీ’, దాని కింద ‘ఓవర్‌రైడ్ విత్ ఫైల్’ ఎంచుకోండి. పాస్‌వర్డ్ దగ్గర ‘నో చేంజెస్’ అనే ఉండనివ్వండి. పేర్ల కాలమ్ పెట్టొద్దు. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలైపోతాయి, అవే సైట్‌లోకి ఎక్కుతాయి.

రోల్ నంబరే యూజర్‌నేమ్ అయితే ఇంకో చిక్కుంది. ఉస్మానియా ఇంజనీరింగ్ రోల్ నంబర్ 12 అంకెలు. ఎక్సెల్ 12 అంకెల సంఖ్యని 1.6E+11 లాంటి రూపంలోకి కుదించేస్తుంది, సేవ్ చేస్తే ఫైల్‌లోనూ అదే పడుతుంది. అలాంటి యూజర్ ఎవరూ లేరు కాబట్టి మూడుల్ ఆ వరుసల్ని వదిలేస్తుంది. నంబర్లు పేస్ట్ చేయకముందే కాలమ్‌ని ‘టెక్స్ట్’గా మార్చండి. సీఎస్‌వీ అయ్యాక దాన్ని మళ్లీ ఎక్సెల్‌లో తెరవకుండా నోట్‌ప్యాడ్‌లో చూసుకోండి. జేఎన్‌టీయూహెచ్ నంబర్లలోని పెద్ద అక్షరాలతో బెంగ లేదు, ‘స్టాండర్డైజ్ యూజర్‌నేమ్స్’ ఆన్‌లో ఉంటే మూడులే చిన్నవిగా మార్చుకుంటుంది.

ఇంత చేసినా కొన్ని మెయిల్స్ వెళ్తూనే ఉంటాయి. పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు వచ్చే మెయిల్ ఈ టిక్‌ని పట్టించుకోదు, పట్టించుకోకూడదు కూడా. అలాగే మెసేజింగ్ కింది ‘నోటిఫికేషన్ సెట్టింగ్స్’లో అడ్మిన్ ఆన్‌లో పెట్టి ‘లాక్డ్’ చేసిన రకాలు అందరికీ వెళ్తాయి. ఒక అకౌంట్‌కి మెయిల్స్ ఆగడం లేదంటే ముందు చూడాల్సింది అక్కడే.

పరీక్షించడానికి రెండు అకౌంట్లు కావాలి, ఒకటి ఆపినది, ఒకటి మామూలుది. ఫోరమ్‌లో పోస్ట్ పెట్టి వెంటనే ఇన్‌బాక్స్ చూస్తే రెంటికీ ఏమీ రాదు. ఎడిట్ చేసుకోవడానికని మూడుల్ మామూలుగా 30 నిమిషాలు ఆగి, ఆ తర్వాత క్రాన్ (సర్వర్‌లో నిర్ణీత వేళల్లో దానంతటదే నడిచే పని) నడిచినప్పుడే పంపుతుంది. ఆగిందని పొరబడకుండా, ఆలస్యం లేకుండా పంపే టిక్ పెట్టి పోస్ట్ చేయండి. మామూలు అకౌంట్‌కి మెయిల్ వచ్చి రెండోదానికి రాకపోతేనే సెట్టింగ్ పనిచేసినట్టు.